పాఠం తెలుగులో, ఆట హిందీలో: దూరదర్శన్ పిల్లల కార్యక్రమాల కథ

మీరు మూడు సంగతులు అడిగారు. దూరదర్శన్‌లో పిల్లల కార్యక్రమాలు ఎలా మొదలయ్యాయి, కేబుల్ టీవీ రావడం వల్లే అవి పోయాయా అన్నవి రెండు. మీ మరాఠీ స్నేహితుడు చిన్నప్పుడు చూసిన సొంత భాష కార్యక్రమాల పేర్లు చెప్తుంటే, మనకు ‘శక్తిమాన్’, మోగ్లీ తప్ప ఇంకేవీ ఎందుకు గుర్తు రావన్నది మూడోది. నా మట్టుకు అసలు ప్రశ్న ఆ మూడోదే. దాని జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతట అవే తేలిపోతాయి.

నేను హైదరాబాద్‌లో బడిపిల్లల కోసం టీవీ పాఠాలు తీసే చోట పాతికేళ్లు పనిచేశాను. అంతకుముందు అవే పాఠాలకు మా ఊళ్లో నేల మీద కూర్చున్న ప్రేక్షకుణ్ణి. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

దూరదర్శన్ అనగానే చాలామందికి రామాయణం, చిత్రలహరి, ఆదివారం సినిమా గుర్తొస్తాయి. కానీ దాని మొదళ్లలో ఉన్నది బడి. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ఆకాశవాణి వాళ్లు యునెస్కో సాయంతో ప్రయోగంగా టీవీ ప్రసారం మొదలుపెట్టారు. వారానికి రెండు రోజులు, అదీ కాసేపే. 1961లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఢిల్లీ హైస్కూళ్లకు పాఠాలు మొదలయ్యాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటివి. కారణం చాలా మామూలుది. బళ్లలో ల్యాబులు లేవు, సైన్సు బాగా చెప్పే టీచర్లు చాలరు. ఒక్క మంచి టీచరు స్టూడియోలో ప్రయోగం చేసి చూపిస్తే సెట్టు ఉన్న ప్రతి బడీ చూడొచ్చు. మరి రోజువారీ ప్రసారం ఎప్పుడు మొదలైంది? 1965లో. అంటే మన దేశంలో రోజూ వచ్చే టీవీ కంటే బడి టీవీ నాలుగేళ్లు పెద్దది.

తర్వాత కేంద్రాలు ఒక్కొక్కటే వచ్చాయి. 1972లో బొంబాయి, 1973లో శ్రీనగర్, అమృత్‌సర్, 1975లో కలకత్తా, మద్రాసు, లక్నో. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపోయింది. బొంబాయి కేంద్రం పిల్లల కోసం మరాఠీలో ‘కిల్‌బిల్’, గుజరాతీలో ‘సంతాకూకడి’, హిందీలో ‘ఖేల్ ఖిలోనే’, ఇంగ్లీషులో ‘మ్యాజిక్ లాంప్’ వేసేది. ఒకే ఊరి నుంచి నాలుగు భాషల పిల్లలకు నాలుగు పేర్లు. మీ స్నేహితుడు చెప్పిన పేర్లలో ‘కిల్‌బిల్’ ఉండే ఉంటుంది.

ఇక మన కథ. 1975లో నాకు ఎనిమిదేళ్లు, పాలమూరు జిల్లాలో చిన్న ఊరు. ఆ ఏడు ఎండాకాలంలో మా బడి దగ్గరికి జీపులో మనుషులు వచ్చి పది అడుగుల గొడుగులాంటి టీవీ యాంటెనా ఒకటి బిగించారు. కోళ్ల గూడుకు కట్టే ఇనుప జాలీ ఉంటుంది చూడండి, ఆ గొడుగు దానితో చేసినదే. మా నాయన దాన్ని వేలితో తట్టి చూసి, ‘ఇది కోళ్ల జాలే గదా సారూ, ఇందులకు బొమ్మ ఎట్ల వస్తది’ అని అడిగాడు. ఎట్లా వస్తుందో నాకు అర్థం కావడానికి పదిహేనేళ్లు పట్టింది. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఏటీఎస్-6 అనే నాసా ఉపగ్రహం ఉండేది. దాన్ని మన ఇస్రో ఒక్క సంవత్సరానికి వాడుకుంది. అంతకుముందు ఉపగ్రహం నుంచి బొమ్మ అందుకోవాలంటే పెద్ద భూకేంద్రం కావాలి. ఏటీఎస్-6 సిగ్నల్ చాలా బలంగా పంపేది కాబట్టి, కింద కోళ్ల జాలీ గొడుగైనా సరిపోయింది. ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ అందించే ఆ పనినే ‘సైట్’ ప్రయోగం అన్నారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లు. అలాంటి గొడుగే ఒకటి కొలంబోలో ఆర్థర్ సి. క్లార్క్ ఇంటి దగ్గర కూడా మన ఇంజినీర్లు పెట్టారు. ఉపగ్రహాలతో ప్రపంచమంతా మాట్లాడుకోవచ్చని 1945లోనే రాసిన మనిషి ఆయన. ఆయనింటి గొడుగూ మా బడి గొడుగూ ఒకటే రకమని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున బడివేళ ప్రసారం గంటన్నర. ఆ గంటన్నరను నాలుగు భాషలకు పంచారు: హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు. ఒక్కో భాషకు 22 నిమిషాల 30 సెకన్లు. ముప్పై సెకన్లు కూడా లెక్కగట్టి సమానంగా పంచారన్నమాట. ఈ వాటా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మా బళ్లో టీవీ చెక్కపెట్టెలో ఉండేది, తాళంచెవి సారు దగ్గర. సారు పెట్టె తెరిచి బొమ్మ వచ్చేదాకా ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చేవాళ్లం కాదు. ఒకరోజు సముద్రం చూపించారు. మాలో ఒక్కరం కూడా అప్పటికి సముద్రం చూడలేదు. నలుపు తెలుపు బొమ్మ, తెల్లటి నురగతో అల ముందుకు వస్తుంటే మొదటి వరసలో కూర్చున్నవాళ్లం కాళ్లు గబుక్కున వెనక్కి లాక్కున్నాం. అల తిరిగి పోయాక, పక్కనున్న పిల్ల తన కాళ్లు తడిశాయా అని తడుముకుంది. ఆ నిమిషం నుంచే నేను ఈ పనిలోకి వచ్చానని అనుకుంటాను.

1976 జులై ఆఖరుకి అంతా ఆగిపోయింది. నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. గొడుగు మాత్రం బడి దగ్గరే ఉంది. ఆగస్టులో చాలా రోజులు సారు పొద్దున్నే పెట్టె తెరిచి, తెర మీద ఉత్త చుక్కలు చూసి, మళ్లీ తాళం వేసేవాడు.

1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. సైట్ ఆగిపోయిన ఊళ్లకు నేల మీది ట్రాన్స్‌మిటర్‌తో మళ్లీ బొమ్మ అందించడం ఆ కేంద్రం పెట్టడంలో ఒక ఉద్దేశం. 1980ల్లో ఇన్సాట్ ఉపగ్రహాలు వచ్చాక బడి టీవీ మళ్లీ పెద్ద ఎత్తున లేచింది. ఆరు రాష్ట్రాలు, ఐదు భాషలు: తెలుగు, ఒరియా, హిందీ, మరాఠీ, గుజరాతీ. ఒక్కో భాషకు రోజుకు 45 నిమిషాలు. ఈసారీ వాటాలు సమానమే. ఢిల్లీలో, బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ కింద సీఐఈటీ అనే విభాగం, ఆరు రాష్ట్రాల్లో (మనకు హైదరాబాద్‌లో) అలాంటివే రాష్ట్రస్థాయి సంస్థలు ఈ పాఠాలు తీసేవి.

ఆ 45 నిమిషాలకు ఒక లెక్క ఉంది. మొదటి 20 నిమిషాలు ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు, చివరి 20 నిమిషాలు తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు. మధ్యలో ఐదు నిమిషాలు చిన్నవాళ్లు లేచి వెళ్లి పెద్దవాళ్లు వచ్చి కూర్చోవడానికి. బళ్లో టీవీ గది ఒకటే కదా. ఈ ఐదు నిమిషాల సంగతి ఆలోచించిన మనిషి ఎవరో గానీ, ఆయన తప్పకుండా పల్లెటూరి బడి చూసినవాడే. ఆ సందులోకి మేము పొడుపుకథలు తీసేవాళ్లం. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అని ఒక ముసలవ్వ బొమ్మ అడుగుతుంది. జవాబు తెర మీద చెప్పేవాళ్లం కాదు. వెళ్లే పిల్లలూ వచ్చే పిల్లలూ గుమ్మం దగ్గర ‘కళ్లు, కళ్లు’ అని అరవాలని మా ఆశ. ఒకసారి షాద్‌నగర్ దగ్గర ఒక బడికి వెళ్లి గుమ్మం పక్కన నిలబడి చూశాను. అరిచారు.

పాఠం తీయడం ఎంత పనో ఒక ఉదాహరణ చెప్తాను. చిక్కుడు గింజ మొలకెత్తడం గురించి ఆరు నిమిషాల ముక్క కావాలి. స్టూడియో మాకు దొరికేది ఒక్క మధ్యాహ్నమే, గింజకేమో పది రోజులు పడుతుంది. అందుకని రోజుకో గింజ చొప్పున పది గ్లాసుల్లో తడి దూది మీద వేసుకుంటూ వచ్చాం. షూటింగ్ రోజుకి పగలని గింజ నుంచి రెండాకులు విప్పిన మొక్క దాకా వరసగా తయారు. తీరా లైట్లు వేశాక పది నిమిషాల్లో లేత మొలకలు తల వాల్చేశాయి. స్టూడియో లైట్ల వేడి అలాంటిది. మళ్లీ పది రోజులు ఆగి, ఈసారి కెమెరా ఫోకస్ అంతా ఉత్త గ్లాసుల మీద సరిచూసుకుని, చివరి నిమిషంలో మొలకలు పెట్టి తీశాం. పాఠం చెప్పే పాపకు ఏడేళ్లు. నేర్పిన వాక్యం పక్కన పెట్టి, ‘అయ్యో, దీనికి తోక వచ్చింది’ అంది. అదే ఉంచేశాం. వేరు గురించి ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ రోజుల్లో తెలుగు పిల్లకి తెలుగులో టీవీ లేకపోలేదు. రోజుకు 45 నిమిషాలు ఉంది. కాకపోతే అది బడిలో ఉంది, పాఠంలో ఉంది. ఇంట్లో, సెలవు రోజున, అమ్మ చేతి ఉప్మా తింటూ చూసే టీవీ వేరే దారి పట్టింది. అక్కడికే వస్తున్నాను.

1982లో రంగుల ప్రసారం వచ్చింది, ఢిల్లీ నుంచి దేశమంతటికీ ‘జాతీయ కార్యక్రమం’ మొదలైంది. 1984లో నాలుగు నెలల పాటు దాదాపు రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. అదే ఏడు జులై 7న ‘హమ్ లోగ్’ అనే హిందీ సీరియల్ వచ్చింది. దాన్ని స్పాన్సర్ చేసింది మ్యాగీ. అసలు మలుపు ఇక్కడుంది. స్పాన్సర్ పద్ధతిలో కార్యక్రమం తీసే ఖర్చు కంపెనీ చూసుకుంటుంది, ప్రసారం చేసినందుకు దూరదర్శన్‌కు డబ్బు కడుతుంది, బదులుగా తన ప్రకటనలకు కొన్ని సెకన్లు తీసుకుంటుంది. దాంతో ప్రభుత్వం పైసా పెట్టకుండానే కార్యక్రమాలు రాసాగాయి. పెద్దల సీరియళ్లకు ఇది బాగానే పనిచేసింది. పిల్లల కార్యక్రమానికి మాత్రం మొదటిసారిగా ఒక షరతు వచ్చిపడింది: తన స్పాన్సర్‌ను తనే వెతుక్కోవాలి.

ఇప్పుడు మీరే ఒక బిస్కెట్ కంపెనీ మేనేజర్ అనుకోండి. ఢిల్లీ నుంచి హిందీలో వచ్చే కార్యక్రమం దేశమంతా కనపడుతుంది. హైదరాబాద్ నుంచి తెలుగులో వచ్చేది ఒక్క రాష్ట్రంలో కనపడుతుంది. తీసే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. డబ్బు ఎక్కడ పెడతారు? ఆయన్ని తప్పు పట్టలేం. కానీ ఆ లెక్క పిల్లల టీవీని రెండు ముక్కలు చేసింది. ప్రభుత్వ డబ్బుతో వచ్చే పాఠం తెలుగులో ఉండిపోయింది. కంపెనీ డబ్బుతో వచ్చే కథ, సాహసం, నవ్వు హిందీలోకి వెళ్లిపోయాయి. నా పాతికేళ్ల అనుభవంలో తేల్చుకున్న మాట ఇదే. కేబుల్ తర్వాత వచ్చింది, చీలిక అంతకుముందే జరిగింది.

హిందీలో వచ్చినవి తక్కువ రకమని నేను అనడం లేదు, చాలా మంచివి వచ్చాయి. 1985లో రామానంద్ సాగర్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ తీశారు. భేతాళ కథలు మన పిల్లలకు చందమామలో ఎప్పటినుంచో తెలుసు కాబట్టి, భాష రాకపోయినా కథ అర్థమయ్యేది. ఆ తర్వాత ‘మాల్గుడి డేస్’. ఆర్.కె. నారాయణ్ కథలు, కర్ణాటకలోని ఆగుంబెలో షూటింగ్, దర్శకుడు శంకర్ నాగ్, బొమ్మలు ఆర్.కె. లక్ష్మణ్‌వి, సంగీతం ఎల్. వైద్యనాథన్‌ది. అందులోని కుర్రాడు స్వామి వేసుకున్న నిక్కరు, వాళ్ల ఇంటి అరుగు, బెత్తం పట్టిన పంతులు, అన్నీ మన ఊళ్లవే. దక్షిణాది రచయిత, దక్షిణాది దర్శకుడు, దక్షిణాది ఊరు. అయినా కర్నూలు పిల్లాడి ఇంటికి స్వామి హిందీ మాట్లాడుతూ వచ్చాడు. నాకు ఇప్పటికీ బాధనిపించే సంగతి ఇది.

1990ల్లో ఆదివారం పొద్దున్న మోగ్లీ కథ ‘జంగిల్ బుక్’ వచ్చింది. అది జపాన్ వాళ్లు తీసిన బొమ్మల సీరియల్, మన దగ్గర హిందీ డబ్బింగ్. టైటిల్ పాట గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. షేర్‌ఖాన్‌కు గొంతు నానా పాటేకర్‌ది. డబ్బింగ్‌ను కూడా అంత శ్రద్ధగా చేయవచ్చని చూపించిన పని అది. మా వీధిలో హిందీ అక్షరం ముక్క రాని పిల్లలు కూడా ఆ పాట మొత్తం పాడేవాళ్లు. అందులో చడ్డీ అన్న మాట మాత్రం అందరికీ అర్థమయ్యేది. డిస్నీ వాళ్ల ‘డక్‌టేల్స్’, ‘టేల్‌స్పిన్’ కూడా హిందీలోనే వచ్చాయి. ఇవేవీ మొదట హిందీవి కావు. డబ్బింగ్ చేసేటప్పుడు ఇంకో మూడు భాషలు కలిపి ఉంటే ఎంత బాగుండేదో.

మరి హైదరాబాద్ కేంద్రం ఇంటి పిల్లలకు ఏమీ చేయలేదా అంటే, చేసింది. సాయంత్రాలు తెలుగులో పిల్లల కార్యక్రమాలు వచ్చేవి: పాటలు, నాటికలు, క్విజ్‌లు. అవి ఎందుకు గుర్తులేవో నాకు తోచింది చెప్తాను. నేను చూసినంతలో ఒక వారం ఒక బడి పిల్లలు వచ్చి పాడి వెళ్లేవారు, మరుసటి వారం ఇంకో బడి. వారం వారం తిరిగి వచ్చే మనిషి గానీ బొమ్మ గానీ ఉండేది కాదు. పిల్లలు కార్యక్రమాన్ని పేరుతో గుర్తుపెట్టుకోరు, మనిషితో గుర్తుపెట్టుకుంటారు. ఈ రహస్యం మన రేడియోకి ఎప్పుడో తెలుసు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అయ్యారు. ‘బాలానందం’ అనగానే మా అమ్మ తరం వాళ్లకు ఆ రెండు గొంతులూ వినిపిస్తాయి. టీవీలో మనకు అలాంటి అన్నయ్య దొరకలేదు.

హిందీలో దొరికాడు. 1997 సెప్టెంబర్ 13న ‘శక్తిమాన్’ మొదలైంది, 2005 దాకా నడిచింది. ముఖేష్ ఖన్నా ఎర్ర దుస్తుల్లో గిర్రున తిరుగుతూ వచ్చేవాడు, పార్లే-జి ప్రకటన వచ్చేది, చివర్లో ‘ఛోటీ ఛోటీ మగర్ మోటీ బాతే’ అని పళ్లు తోముకోమనో, అబద్ధం ఆడొద్దనో చెప్పేవాడు. నేను వృత్తిరీత్యా దాన్ని చాలా జాగ్రత్తగా చూశాను. మేము ఇరవై నిమిషాల్లో చెప్పలేకపోయిన మాటను ఆయన రెండు నిమిషాల్లో చెప్పేవాడు, ఎందుకంటే అప్పటికే పిల్లవాడు ఆయన్ని నమ్మాడు. ఆ నమ్మకానికి ఇంకో వైపు కూడా ఉంది. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకున్నట్టు పేపర్లలో వార్తలు వచ్చాయి. అలా చేయొద్దని ముఖేష్ ఖన్నా తెర మీదే పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. ప్రసారానికి కట్టాల్సిన రుసుము పెరుగుతూ పోవడం ఆ సీరియల్ ఆగిపోవడానికి ఒక కారణమని ఆయన తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. దేశమంతా పిల్లలు చూసే కార్యక్రమానికే ఆ పరిస్థితి అంటే, ఒక రాష్ట్రంలో వచ్చే తెలుగు పిల్లల సీరియల్ ఎలా నిలబడుతుంది?

ఇక కేబుల్ సంగతి. 1991లో స్టార్, 1992లో జీ, 1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్, అదే ఏడు జెమిని, ఈటీవీ. కేబుల్ వచ్చి దూరదర్శన్ ప్రేక్షకులను లాక్కుపోయిన మాట నిజం. కానీ తెలుగు పిల్లల విషయంలో అది లాక్కుపోవడానికి అప్పటికి మిగిలింది తక్కువే. పూర్తిగా పిల్లల కోసం ‘ఖుషీ టీవీ’ అనే తెలుగు ఛానల్ 2009లో గానీ రాలేదు. అదీ సన్ వాళ్లది, ప్రైవేటుది. కోళ్ల జాలీ గొడుగులో తెలుగు పాఠం వచ్చిన 34 ఏళ్లకు.

బడి టీవీ మాత్రం అటూ ఇటూ తిరిగి బతికింది. 2000లో జ్ఞానదర్శన్, తర్వాత మన టీవీ, టీ-శాట్, స్వయంప్రభ, అన్నీ పాఠాల ఛానళ్లే. 2020లో కోవిడ్‌కు బళ్లు మూతపడ్డప్పుడు దూరదర్శన్ వాళ్ల ఛానళ్లు, ఆంధ్రలో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి, మళ్లీ రోజూ పాఠాలు వేశాయి. అప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. మా అక్క మనవడు చాప మీద కూర్చుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, యాదగిరిలో లెక్కల పాఠం మొత్తం విన్నాడు. పాఠం అయిపోగానే రిమోట్ తీసుకుని హిందీ కార్టూన్ పెట్టుకున్నాడు.

పాతవి ఇప్పుడు ఎక్కడ చూడొచ్చో కూడా చెప్తాను. హిందీవి చాలావరకు ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో పెడుతోంది. తెలుగువి దొరకడం కష్టం. మా రోజుల్లో స్టూడియోలో వాడే యూ-మ్యాటిక్ వీడియో టేపులు ఖరీదు, కొత్త టేపు కావాలంటే ఫైలు నెలలు తిరిగేది. అందుకని పాత పాఠం చెరిపేసి అదే టేపు మీద కొత్తది తీసేవాళ్లం. చిక్కుడు మొలకలు అలాగే పోయాయి. ‘దీనికి తోక వచ్చింది’ అన్న ఆ పాప గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. చెరపమన్న కాగితం మీద మా అందరి సంతకాలూ ఉన్నాయి, నాదీ ఉంది.

అందుకే ఇళ్లలో ఉన్న క్యాసెట్ల మీదే నా ఆశ. 1980ల చివర్లో, 90ల్లో వీసీఆర్ ఉన్న ఇళ్లలో, తమ పిల్లలు హైదరాబాద్ కేంద్రంలో పాడిన రోజున తప్పకుండా రికార్డు చేసుకుని ఉంటారు. పెళ్లి క్యాసెట్ల మధ్యలో వెతకండి. దొరికితే ముందు ప్లేయర్‌లో పెట్టకండి. క్యాసెట్ మూత ఎత్తి, పక్కనున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి పొడిలాగా, బూజు చుక్కల్లాగా కనిపిస్తే అది ఫంగస్. అలాగే ఆడిస్తే ఆ టేపుతో పాటు ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అది అంటుకుంటుంది. శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించే షాపులు ఇంకా కొన్ని ఉన్నాయి, వాళ్లకే ఇవ్వండి. ఫంగస్ లేకపోతే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు ఒకే ఒక్కసారి ఆడించి, ఆ ఆడించేటప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. లేబుల్ మీద పెన్సిల్ రాత ఉంటే తుడవకండి, ఫొటో తీసి పెట్టుకోండి. తేదీ చాలాసార్లు అక్కడే ఉంటుంది.